పిల్లల కథలో పెద్దలకు పాఠము

ధ్యానభాగము: రోమా 5:6–8



కల్పిత కథలు క్రైస్తవుల యింట చదువతగునా అని కొందరు పెద్దలు అడుగుదురు. యోతాము చెట్లు రాజును కోరుకొనిన కథ చెప్పెను (న్యాయాధిపతులు 9). నాతాను బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి దావీదు పాపమును అతనికే చూపెను (2 సమూయేలు 12). కథ కల్పితమైనను, అది చూపు సంగతి సత్యమా కాదా యని మనము విచారింపవలెను.

ఇంగ్లీషున 1950వ సంవత్సరములో ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ అను పిల్లల పుస్తకము వెలువడెను. వ్రాసినవారు ఆక్స్‌ఫర్డులో సాహిత్యము బోధించిన సి. ఎస్. లూయిస్‌గారు. యౌవనమున దేవుడు లేడనిన యీయన 1931లో క్రీస్తు విశ్వాసమునకు మరలివచ్చెను.

యుద్ధకాలమున లండనుపై బాంబులు పడుచుండగా నలుగురు తోబుట్టువులు పల్లెలోని యొక ప్రొఫెసరుగారి యింటికి పంపబడిరి. అచ్చట బట్టల బీరువాలో దూరి వారు నార్నియా యను వింతదేశము చేరిరి. మంత్రగత్తె యేలుబడిలో ఆ దేశమున ఎప్పుడును చలికాలమే. క్రిస్మసు మాత్రము రానేరాదు. ఎడ్మండు అను బాలుడు ఆమె మిఠాయికి ఆశపడి తన తోబుట్టువులనే అప్పగింపబూనెను. ద్రోహి ప్రాణము ధర్మప్రకారము తనదేయని ఆమె వాదించెను. అస్లాను అను సింహము ఆ ధర్మమును త్రోసివేయక, బాలునికి మారుగా తానే రాతిబల్లపై వధింపబడి, తెల్లవారునప్పటికి తిరిగి లేచెను.

ఈ పుస్తకము పెద్దలును చదువదగినదని నా అభిప్రాయము. మొదట, పాపమెట్లు పట్టునో ఇది చక్కగా చూపుచున్నది. ఆ మిఠాయి తినుకొలది ఆశ హెచ్చునేగాని తీరదు. కల్లు గ్లాసు సంగతి యెరిగిన గ్రామములలో ఇది వేరుగ వివరింపనేల? రెండవది, క్షమాపణ ఉచితముగా మనకు దొరకినను, ఇచ్చినవానికి అది ప్రాణమంత ఖరీదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఎడ్మండు మరలివచ్చినప్పుడు సింహము అతనితో ఏకాంతముగా మాటలాడెను. ఆ మాటలేవో కథకుడు మనకు తెలుపడు. పిమ్మట, గడచినదానిని అతనియొద్ద ఎత్తనక్కరలేదని సింహము తోబుట్టువులతో చెప్పెను. మన సంఘములలో అట్లు జరుగుచున్నదా? త్రాగుడు మాని వచ్చినవాని పాత దినములను, తప్పిపోయి తిరిగివచ్చిన కుమార్తె కథను, నూతియొద్ద ఎన్ని యేండ్లు చెప్పుకొందుము! ప్రభువు జ్ఞాపకము చేసికొననిదానిని త్రవ్వితీయుటకు మనమెవరము?

అయినను కథకు హద్దు కలదు. అస్లాను ఒక్క బాలుని నిమిత్తము చనిపోయెను. మన ప్రభువు లోకపాపమును మోసెను. నార్నియా ఏ పటమునందును లేదు. యేసుక్రీస్తు పొంతి పిలాతు కాలమున యెరూషలేము వెలుపల నిజముగా సిలువ వేయబడెను. కనుక పిల్లలకు కథ చెప్పుడి. చెప్పి ఊరకుండక సువార్త తెరచి చదివి వినిపించుడి. యూదా గోత్రపు సింహమే వధింపబడిన గొఱ్ఱెపిల్లయని ప్రకటన 5వ అధ్యాయము తెలుపుచున్నది.

కథాంతమున ఆ ద్రోహియే ‘న్యాయవంతుడు’ అను బిరుదుతో రాజాయెను. మీ సంఘమునకు అట్టివాడొకడు మరలివచ్చియున్నయెడల, వచ్చు ప్రభురాత్రి భోజనపు ఆదివారమున అతనికి మీ ప్రక్కనే చోటిచ్చి కూర్చుండబెట్టుడి. మనమందరమును ఆ బల్లయొద్దకు కృపచేతనే వచ్చినవారము. ఆమేన్.