చిలక అడిగిన వరం

ఈ వారం వీడియోలో చెప్పిన చిలక కథకి ఇది కొనసాగింపు. మాది చిలకలూరిపేట. ఊరి పేరులోనే చిలకలున్నాయి కాబట్టి ఈ కథంటే నాకు కాస్త పక్షపాతం.

మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్తాడు. ఒక వేటగాడు జింకకి వేసిన విషబాణం గురి తప్పి ఒక మహావృక్షానికి గుచ్చుకుంది. ఆకులు, పళ్లు రాలిపోయి చెట్టు ఎండిపోసాగింది. దాని తొర్రలో ఉండే చిలక మాత్రం కదల్లేదు. తిండి మానేసి చెట్టుతోపాటే కృశించింది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి, అడవిలో ఇన్ని పచ్చని చెట్లుండగా ఈ మోడులో ఎందుకున్నావన్నాడు. ఇక్కడే పుట్టాను, చిన్నప్పుడు నన్ను ఇదే కాపాడింది, కష్టం వచ్చిందని ఎలా వదిలేస్తానంది చిలక. ఇంద్రుడు మెచ్చి వరం కోరుకోమంటే తనకోసం ఏమీ అడగలేదు. చెట్టు మళ్లీ చిగురించాలంది. ఇంద్రుడు అమృతం చల్లాడు.

మన దగ్గర అమృతం లేదు. సిమెంటు ఉంది. సమస్యంతా అదే.

వృక్షాల్లో తాను రావిచెట్టునని గీత పదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. అదే రావిచెట్టు మానులో తొర్ర పడితే మనం కుళ్లిన చెక్కంతా గీకేసి, సిమెంటు నింపి, పైన పసుపు పూస్తాం. లేకపోతే తొర్రనే గూడు చేసి దీపం పెడతాం. రెండూ భక్తితోనే!

చెట్టుకి గాయం మనలా మానదు. పాడైన చెక్క మళ్లీ బాగవదు. చెట్టు దాని చుట్టూ లోపలే ఒక గోడ కట్టుకుని, అంచుల నుంచి కొత్త చెక్క పెంచుకుంటుంది. పాడైన సర్వర్‌ని పక్కనపెట్టి మిగతా సిస్టమ్ నడిపినట్టన్నమాట. అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లు కోసి చూసి తేల్చిన సంగతి ఇది. గీకితే ఆ గోడే పగులుతుంది. సిమెంటేమో గాలికి చెట్టుతోపాటు ఊగదు, సందుల్లో తేమ నిలిచి కుళ్లు పెరుగుతుంది. బెరడు కింద ప్రాణమున్న పొర బాగుంటే, నడుమ బోలుగా ఉన్న చెట్టు కూడా ఏళ్ల తరబడి బతుకుతుంది.

ఓపిగ్గా చేసే సేవ ఎలా ఉంటుందో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర చూశాం. చెదలు తొలిచేసి 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడింది. 2018లో అటవీశాఖ వాళ్లు సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు చుక్కచుక్కగా ఎక్కించారు, బరువు కొమ్మలకి స్తంభాలతో ఊతమిచ్చారు. సందర్శకుల్ని రానివ్వలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చివరిదే. మన ప్రదక్షిణలకి కూడా నేల గట్టిపడి వేళ్లకి ఊపిరాడదు మరి.

మీ వీధి గుళ్లో పాత చెట్టుంటే, కట్ట మీది సిమెంటు కొంత తీయించి మట్టి కనపడనివ్వండి. ఎండాకాలం నీళ్లు మాను దగ్గర కాకుండా కొమ్మల నీడ అంచున పోయండి. దీపం దూరంగా పెట్టండి. మాను అడుగున పుట్టగొడుగులు మొలిచినా, కొమ్మ వాలుతున్నా అటవీశాఖ వాళ్లకో ఉద్యానశాఖ వాళ్లకో చూపించండి. కింద పిల్లలు ఆడుకుంటారు, ప్రమాదకరమైన కొమ్మ తీయించడం పాపమేమీ కాదు. కాకపోతే కోసేముందు తొర్రలోకి ఒకసారి చూడమనండి. రామచిలకలు గుడ్లు పెట్టేది అలాంటి తొర్రల్లోనే. ప్రమాదం మరీ ముంచుకొస్తే తప్ప, పిల్లలు ఎగిరేదాకా పని ఆపమని గుడి కమిటీ వాళ్లకి చెప్పండి.