కడపట వచ్చినదే కారణమా?

నిన్నటిదాక చుఱుకుగా నడచిన ఫైల్ సిస్టమ్ క్రొత్త కూర్పు వెలువడిన పిమ్మట మందగించినచో, దానిని సరిదిద్దువారు మంచి కూర్పునకును చెడిన కూర్పునకును నడుమ జరిగిన మార్పుల వరుసను సగమునకు విఱిచి, నడిమి కూర్పును నడిపించి చూచి, చెడుగు ఏ సగమున నున్నదో కనుగొని, ఆ సగమును మరల సగము చేయుదురు. కూర్పులను భద్రపఱచు గిట్ అను సాధనములోని బైసెక్ట్ చేయు పని యిదియే. వేయి మార్పులున్నను పది పరీక్షలలో ఒక్కటి చిక్కును. ఏది యుండగా మందగతి యుండునో, ఏది తీసివేయగా తొలగునో చూచు ఈ పద్ధతి, అన్వయవ్యతిరేకములను పేర మన న్యాయశాస్త్రమునకు చిరపరిచితము. అయితే చిక్కిన మార్పే దోషియని తీర్పు చెప్పుటకు ఈ పరీక్ష చాలునా?

17వ శతాబ్దపు తెలుగువాడును తర్కసంగ్రహకర్తయును నైన అన్నంభట్టు, కార్యమునకు ముందు తప్పక యుండుటతోనే ఏదియు కారణము కాదనియు, అది అన్యథాసిద్ధము, అనగా కార్యమునకు అక్కఱలేనిది, కాకుండవలెననియు ఆ గ్రంథమునకు తానే వ్రాసిన దీపికలో నిర్వచించెను. మన్ను మోసికొని వచ్చిన గాడిద కుండకు ముందున్నదే. అయినను తార్కికులు దానిని కుండకు కారణముగా నెన్నలేదు. అంతకంటె గొప్ప మాట, కార్యము సామగ్రి యంతయు కూడినపుడే పుట్టుననుట. కడపట చేరినది సామగ్రిని పూరించునే గాని తక్కినవాని పాలు తుడిచివేయదు.

2008 జూన్‌లో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 3 విషయమున ఇది కన్నులకు కట్టినట్లు కనబడినది. చూచిన ప్రతి పుటను ఆ బ్రౌజర్ ఎస్‌క్యూలైట్ భాండారమున వ్రాసికొని, ఆ వ్రాత డిస్కుపై నిలిచినదను హామీని ఎఫ్‌సింక్ ద్వారా కోరెడిది. లినక్సులో నాడు విరివిగా వాడుకలోనున్న ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్, అట్టి కోరిక వచ్చినపుడు, మార్పులను నమోదు చేయు తన జర్నలును ముగించుటకు ముందు, వేచియున్న తక్కిన ఫైళ్ల వ్రాతలను గూడ డిస్కునకు పంపెడిది. కావున ప్రక్కన పెద్ద ఫైలు నకలగుచుండగా, నాలుగక్షరముల చిరునామా కొఱకు బ్రౌజర్ క్షణములకొలది స్తంభించెడిది.

వ్యతిరేకపరీక్ష ఫైర్‌ఫాక్స్‌నే చూపును: అది లేనపుడు ఈ బాధ లేదు. కాని అది కోరినది ఏ ప్రోగ్రామైనను కోరదగిన హామీయే. కోడలు అడుగుపెట్టిన వేళ బఱ్ఱె చచ్చినదని బీబీపేటలోని మా యిండ్లలో నేటికిని వినబడు మాట ఎంత అన్యాయమో, ఫైర్‌ఫాక్సే దోషియను తీర్పును అంత అన్యాయమే. ఫైర్‌ఫాక్స్‌వారు కోరికల సంఖ్యను తగ్గించి మర్యాద పాటించిరి. అయినను లోపము అంతకుముందే ఈఎక్స్‌టీ3లో పొంచియుండెను.

2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో స్థిరపడిన దాని తరువాతి కూర్పు ఈఎక్స్‌టీ4, డిస్కుపై స్థలము కేటాయించుటను కడవఱకు వాయిదా వేసి, ఒకరి వ్రాతకై మఱియొకరు వేచియుండు బాధను చాలవఱకు తగ్గించెను. అప్పుడు బయటపడినది మఱియొక విషయము: పాత ఫైల్ సిస్టమ్ అడుగకయే వ్రాతలను త్వరగా డిస్కునకు చేర్చుటచే, హామీ కోరని ప్రోగ్రాములును క్షేమముగ నుండెడివి; ఈఎక్స్‌టీ4పై మాత్రము 2009లో అట్టివాని ఫైళ్లు యంత్రము హఠాత్తుగా ఆగినపుడు శూన్యములై మిగిలినవి. ఈఎక్స్‌టీ4 ప్రధాన నిర్వాహకుడైన థియోడోర్ త్సో, ఎఫ్‌సింక్ కోరకపోవుట ఆ ప్రోగ్రాముల తప్పేయని వాదించుచునే, పాత ఫైలు స్థానమున క్రొత్తది నిలుచునపుడు దాని వ్రాతను జాగు చేయక పంపునట్లు సవరణ చేసెను. తప్పు తనది కాదనుటయు, సామగ్రిలో తన పాలు తాను మోయుటయు ఒక్క మనిషియందే కూడియుండుట నాకు న్యాయముగను, కొంత ధర్మముగను తోచుచున్నది.