సంచీలో నూలు

విజయనగరం ఆడపడుచు ఒకావిడ ఉండేది. పెళ్లయ్యాక మొగుడి ఉద్యోగం పుణ్యమా అని దేశాలన్నీ తిరిగింది. ఏ ఊరెళ్లినా గుడీ, కోటా, సముద్రమూ తర్వాత. ముందు నూలు కొట్టు ఎక్కడుందో కనుక్కునేది. స్కాట్లాండుకి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో లెర్విక్ అనే ఊరుంది. అక్కడిదాకా వెళ్లి ఆ దీవుల గొర్రెల ఉన్ని కొంది. కులూలో అందరూ శాలువాలు కొంటుంటే తను దారపుండలు కొంది. అస్సాంలో సువాల్‌కుచి వెళ్లి ముగా పట్టు నూలు తెచ్చింది. అన్నీ ఒక పెద్ద గుడ్డసంచీలో దాచుకుని, ఇంటికెవరొచ్చినా విప్పి ఏది ఏ ఊరిదో చెప్పేది. అల్లడం బాగానే వచ్చు. తీరికే దొరకలేదు పాపం. కొనడానికి మాత్రం ఎప్పుడూ దొరికేది.

ఓ సంక్రాంతికి పుట్టింటికొచ్చింది. ఆవిడతోపాటు సంచీ కూడా వచ్చింది. "ఇన్ని దేశాలు తిరిగావు, పక్కనున్న పొందూరు చూడలేదా?" అని వదిన అనేసరికి రోషమొచ్చి మర్నాడే రైలెక్కింది. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటితే పొందూరు. దిగి బజారంతా గాలించింది. పంచెలున్నాయి, చీరలున్నాయి, నూలు కొట్టు మాత్రం లేదు. "ఇక్కడ నూలు అమ్మరమ్మా. వడికేవాళ్ల ఇళ్లు అటు" అని ఒకాయన దారి చూపించాడు.

ఆ వీధిలో అరుగు మీద ఒక మామ్మ కూర్చుని పత్తి దువ్వుతోంది. చేతిలో ఉన్నది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ. సన్నటి పళ్లు వరసగా ఉన్నాయి. గింజతో ఉన్న కొండపత్తిని చిటికెడు చిటికెడు ఆ పళ్లకి పట్టి లాగుతుంటే నుసీ చెత్తా అక్కడే చిక్కుకుని, పీచంతా ఒకే వైపుకి సర్దుకుంటోంది. పక్కన చెక్కా, ఇనుప కడ్డీ. కడ్డీ దొర్లిస్తే గింజ ఊడొస్తుంది. తర్వాత దూదిని ఏకి, ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంది. దొప్పతోపాటే ఏకు పట్టుకుని రాట్నం తిప్పితే కదురు మీదికి దారం దిగుతోంది. వెలుతురుకి అడ్డంగా పెడితే తప్ప కంటికి ఆనడం లేదు.

గూట్లో నూలు చిలపలు చూసేసరికి ఆవిడ ఆగలేకపోయింది. "మామ్మా, ఒక్క చిలప ఇయ్యవా? ఎంతంటే అంత ఇస్తాను."

"ఇయ్యడానికి నేదమ్మా. సంగానికి ఎల్లాల."

"ఒక్కటి తగ్గితే ఏమవుతుంది?"

"ఒకటి తగ్గిపోద్ది" అంది మామ్మ, రాట్నం ఆపకుండానే. "ఆ సంచీలో ఏటున్నాది?"

అడగడమే చాలు, ఆవిడ అరుగంతా పరిచేసింది. మామ్మ ఉన్నుండ తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచి సరుకే. దీంతో ఏటి సేసినావు?"

"ఇంకా ఏం చెయ్యలేదు."

"మరి ఈ పట్టు?"

"చెయ్యాలి."

"ఎన్నేళ్లయింది కొని?"

ఆవిడ మాట్లాడలేదు. మామ్మ అన్నీ ఒక్కొక్కటే సంచీలో సర్ది పెట్టింది. "నా నూలుకి మగ్గం ఉన్నాదమ్మా. నీ సంచీలో దానికి పనేటి? మా ఇంటికాడ పెట్టిలో ఉండిపోయిన నూలుని ఎలకల పక్క అంటాం."

"అయితే ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోనా?"

"పంచి కొను. మీ ఆయన కట్టుకుంటాడు. సిరిగిపోతే మళ్లీ రా."

ఆవిడ పంచె కొంది. తిరుగు రైల్లో పౌరుషంగా సూదులు తీసి షెట్లాండ్ ఉన్నితో టోపీ మొదలెట్టింది. మూడో వరసలో దారం తెగింది. ముడేసి మళ్లీ అల్లింది. నాలుగో వరసలో మళ్లీ తెగింది. ఉండ విప్పి చూస్తే లోపలంతా చిల్లులు. ఆవిడకంటే ముందే పురుగు మొదలెట్టేసింది.

నీతి: నూలు కొన్నవాళ్లది కాదు, వాడినవాళ్లది.

పిల్లలకైతే కథ ఇక్కడితో చాలు. పెద్దవాళ్లతో ఇంకాస్త మాట్లాడాలి. మామ్మ "ఒకటి తగ్గిపోద్ది" అన్నది పెడసరంగా కాదు. పొందూరు సన్న ఖాదీకి నూరో నంబరు నూలు వడుకుతారు. ఇంగ్లీషు కౌంటు లెక్కన ఆ నూలు గ్రాముకి దాదాపు 170 మీటర్లు సాగుతుంది. అంటే వెయ్యి మీటర్ల చిలప ఆరు గ్రాముల బరువు కూడా తూగదు. చేత్తో వడికింది కాబట్టి ఒకరి నూలు ఒకరి నూలులా ఉండదు. సన్నదనాన్నిబట్టి వేరుచేసి, సరిజోడు చిలపలన్నీ కూడితేనే నేతగాడికి పడుగు అమరుతుంది. చూడ్డానికొచ్చినవాళ్లు తలా ఒకటి పట్టుకుపోతే అతను మగ్గం ముందు కూర్చుని దారులు చూడాలి.

మామ్మ చెప్పిన సంగం ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. 1949లో పెట్టారు, భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. అంతకు చాలా ముందే ఇక్కడి పనితనం గురించి విని, చూసి రమ్మని గాంధీగారు కొడుకు దేవదాసుని పంపారు. రాజకీయ నాయకులకి పొందూరు పంచె ఇప్పటికీ గొప్పే. మన పెళ్లిళ్లలో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. విశాఖ వెళ్లి మిల్లు పంచె పట్టుకొస్తాం, విజయనగరం నుంచి పొందూరు గంట ప్రయాణమే కదా అన్న ఆలోచన ఉండదు. రాట్నం ముందు కూర్చునేది ఎక్కువగా ముసలివాళ్లే. రోజంతా వడికితే వచ్చే కూలి చూసి ఆ ఇళ్ల ఆడపిల్లలు వేరే పని వెతుక్కుంటున్నారు. వాళ్లని తప్పుపట్టే హక్కు పంచె కొనని మనకి లేదు.

అయినా మామ్మతో నాకు ఒక తగవుంది. లెర్విక్‌లో ఉన్నుండ మీద ఆ దీవి పేరు వేసి అమ్ముతారు, దేశదేశాలవాళ్లు ఆ పేరుకే డబ్బిస్తారు. నూరో నంబరు నూలు అల్లికకి పనికిరాదు నిజమే. సూదికి అది దారంలాగే తోచదు. కానీ నాలుగైదు పోగులు కలిపి పేనితే క్రోషియాకి దివ్యంగా ఉంటుంది. మగ్గానికి కావలసింది పోగా అలా కాసిని చిలపలు, వడికినావిడ పేరున్న చీటీ కట్టి, పంచె ధరకి తగ్గకుండా అమ్మితే ఆ డబ్బు వడికినావిడకే చేరొచ్చు. అల్లడం వచ్చి, నిజంగా అల్లేవాళ్లకే అమ్మాలి, సంచీలవాళ్లకి వద్దు. ఎవరు ఎలాంటివాళ్లో పట్టుకోవడం సులువే: పోయినసారి కొన్న నూలుతో చేసింది తెచ్చి చూపించమనాలి. మామ్మ ఎలాగూ కథలో మనిషి, ఒప్పుకోదు. సంఘంవాళ్లని ఎవరైనా అడిగి చూడొచ్చు.