కోరిక, సంకల్పము

కోరిక లేని మనుష్యుడు లేడు. బాలుడు ఆటవస్తువును, యువకుడు ఉద్యోగమును, వృద్ధుడు మనుమల క్షేమమును కోరుదురు. కోరుట తప్పు కాదు. కోరిక లేనిచో ప్రయత్నమే లేదు. అయితే కోరినదెల్ల సంకల్పమనిపించుకొనదు. ఈ రెంటికి నడుమగల భేదమును తెలిసికొనుట జీవితమార్గమును ఎంచుకొను వయస్సులోనున్న బిడ్డలకును, వారిని నడుపవలసిన పెద్దలకును అవసరము. నేడు ఎక్కడ విన్నను "నిన్ను నీవు నమ్ముకొనుము, అనుకొన్నది సాధింపుము" అను హితవు వినవచ్చుచున్నది. మంచిమాటయే. కాని ఏమి కోరవలెను, ఎవరి కొరకు కోరవలెను, దాని వెలను ఎవరు చెల్లింపవలెను, అనుకొన్నది చేతికందనిచో ఆ బ్రతుకు వ్యర్థమేనా అను నాలుగు ప్రశ్నలకు ఆ హితవులో సమాధానము లేదు.

ఆ సమాధానమును వెదకుటకు దూరదేశములు పోనక్కరలేదు. మన తూర్పు కనుమలే చాలును. అరకు లోయనుండి ఈశాన్యముగా అదే కొండల వరుస వెంట పోయినచో పర్లాకిమిడి, గుణుపురము ప్రాంతములు వచ్చును. అవి నేడు ఒడిశాలో నున్నవి. ఆ కొండలలోను, మన శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాలలోను సవరలు నివసింతురు. వారి భాష తెలుగువలె ద్రావిడ కుటుంబమునకు చెందినది కాదు; ముండా కుటుంబమునకు చెందినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరిలో ఆ భాషకు లిపి లేదు. పల్లపు గ్రామములవారికి సవర యనగా సంతకు వచ్చి పోవు మనిషి. ఆతని మాటను నేర్చుకొనవలెనన్న తలంపు ఎవరికో గాని కలుగలేదు.

ఆ తలంపు కలిగినవాడు ఒక బడిపంతులు. గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగష్టు 29న శ్రీముఖలింగము సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో, బాల్యముననే, తండ్రిని పోగొట్టుకొనిరి. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి సంవత్సరము పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలయందు నెలకు 30 రూపాయల జీతముమీద ఉపాధ్యాయులుగా చేరిరి. ఉద్యోగము చేయుచునే ఇంట చదువుకొని పై పరీక్షలయందు ఉత్తీర్ణులైరి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని ఆంధ్రులందరు ఎరుగుదురు. వారి జన్మదినమే తెలుగు భాషా దినోత్సవము. ఆ ఉద్యమ విషయమున వారితో విభేదించిన పండితులు నాడు ఎందరో కలరు. ఆ వివాదము ఇక్కడ అప్రస్తుతము. వారు సవరల కొరకు చేసిన పనిని మాత్రము ఇరుపక్షములవారును మెచ్చుకొనవలసినదే.

తెలుగును సవరమును రెండును తెలిసిన ఒక మనిషిని ఇంటనే ఉంచుకొని ఆయన ఆ భాషను నేర్చిరి. నేర్చుటతో ఆగలేదు. సవర భాషలో పుస్తకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు పెట్టి, అందలి ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవర బాలురకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. బడిపంతులు జీతము ఎంతటిదో ఎరిగినవారికి ఈ వ్యయము ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. బిరుదములు, పతకములు తరువాతి కాలమున వచ్చినవి. పని ఆరంభించునాడు అవి వచ్చునని ఎవరును హామీ యీయలేదు.

ఇంతకంటె పెద్దవెల వేరొకటి కలదు. మన్యములో తిరుగుచుండగా ఆయనకు జ్వరము పట్టుకొనెను. దానికి మందుగ చాలకాలము క్వినైను పుచ్చుకొనవలసి వచ్చెను. ఆ మందు వలన చెవుడు వచ్చి జీవితాంతము నిలిచిపోయెను. భాష చెవితో పట్టవలసినది. అందులోను లిపి లేని భాషకు చెవి తప్ప వేరు ఆధారము లేదు. ఏ పనికి చెవి ప్రాణమో ఆ పనిలోనే చెవి పోయినది. కోరిక మాత్రమే యున్నవాడు ఆ నాడు పుస్తకము మూసి, "నా ప్రాప్తమింతే" యని ఊరకుండును. లోకము ఆతనిని తప్పుపట్టదు, జాలిపడును కూడ. రామమూర్తిగారు మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథము వెలువడెను. అప్పటికి వారి వయస్సు డెబ్బదికి సమీపించినది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. 1940 జనవరి 22న వారు కన్నుమూసిరి.

కోరికకును సంకల్పమునకును గల భేదము ఇక్కడ తేటపడుచున్నది. కోరిక ఫలమును చూచి నడచును. ఫలము కనుమరుగైనచో నిలిచిపోవును. సంకల్పము పనియొక్క యోగ్యతను చూచి నడచును. ఆత్మవిశ్వాసమనగా "నేను గెలిచి తీరుదును" అను ధీమాయని పలువురు తలంతురు. ఆ ధీమా మొదటి ఓటమితో చెదరిపోవచ్చును. "ఈ పని చేయదగినది, నాతో ముగియకున్నను చేయదగినదే" అను నమ్మకము అంత సులభముగ చెదరదు. ఆయన కుమారులు సీతాపతిగారు కూడ సవర భాషా కృషిని కొనసాగించిరి. ఒక జీవితమున పూర్తికాని పని రెండవ జీవితమునకు సంక్రమించుట యోగ్యమైన సంకల్పమునకు ఒక గుర్తు.

అయితే ఒక ఆక్షేపణను త్రోసివేయరాదు. పరుల మేలు కొరకు ఒకడు కనిన కల ఎంత గొప్పదైనను అది పరుల కలయగునా? చదువు సవరలది, నిర్ణయము పంతులుది అన్నచో ఏమి బదులు చెప్పవలెను? ఆ కొండలే బదులు చెప్పినవి. 1936లో గుణుపురము ప్రాంతమున మంగేయ్ గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ప్రత్యేకమైన లిపిని కల్పించెను. దానికి సొరంగ్ సొంపెంగ్ అని పేరు. సవరలకు ఏ లిపి తగునన్న విషయమున ఒక పండితుని నిర్ణయము చాలదని, తమ అక్షరములను తామే నిలుపుకొనవలెనని ఆ జాతినుండి ఒకడు తలంచెను. 2012లో ఆ అక్షరములు ప్రపంచ భాషలన్నిటి కంప్యూటరు అక్షరముల పట్టికయైన యూనికోడునందు చేరినవి. ఇది రామమూర్తిగారి శ్రమకు తక్కువతనము కాదు. ఇతరుల కొరకు సంకల్పించువాడు ఒకనాడు వారే తనను దాటి పోవుటకు సంతోషముతో చోటీయవలెను. అట్లు ఈయలేని సేవలో పెత్తనము దాగియుండును.

ఇక రెండవ ఆక్షేపణ మరింత కఠినమైనది. జీతము గలవాడు సంకల్పించెను, సరే. రేపటి గింజ లేనివానికి సంకల్పమెక్కడిది? దీనికి తిరిగి అరకు లోయకు రావలెను. అక్కడి గిరిజనులు తరతరములుగ పోడు సాగు చేసికొనిరి. అడవిని నరికి, కాల్చి, చల్లిన విత్తనము ఆ యేడే పండును. కాఫీ మొక్క అట్టిది కాదు. సిల్వరు ఓకు చెట్ల నీడ కావలెను. నాటిన పిమ్మట మొదటి పంటకు మూడు నాలుగేండ్లు పట్టును. ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకించి కొంత రాబడి పొందవచ్చును గాని అదియు కాలము కోరునదే. పొట్టకు చాలని రైతు తన కొండవాలులో కొంత భాగమును మూడేండ్ల దాక ఏమియు ఈయని మొక్కకు అప్పగించుట చిన్న సాహసము కాదు. నగరములో ఉద్యోగము మానుకొని వేరు వృత్తి పట్టువాని ధైర్యముతో పోల్చినచో ఈ రైతు పణముగ పెట్టినది ఇంటి కూడు.

ఆతడు ఒంటరిగ ఈ పని చేయలేదన్నది గమనింపవలెను. పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ మొక్కలను ఇచ్చి సాగును ప్రోత్సహించెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పంటను కొనెను. స్వచ్ఛంద సంస్థలు గింజ కోత, శుద్ధి నేర్పినవి. 2017లో పారిస్ నగరమున అరకు పేరుతో దుకాణము వెలసినది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చినంత మాత్రమున ప్రతి గుడిసెలోను కష్టము తీరినదని కాదు. అయినను ఎదురుచూచుటకు ఆసరా దొరికినచో పేదవాడును దీర్ఘకాలపు సంకల్పమును మోయగలడని ఆ తోటలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆత్మవిశ్వాసము లేదని మనము నిందించు పలువురకు నిజముగ లేనిది ఆ మూడేండ్ల గ్రాసము.

బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును విడదీయరాదని బోధించెను. ఎంచుకొన్న పనిని సత్యశుద్ధితో చేయుట కాయకము. దాని ఫలమును సమాజమునకు అర్పించుట దాసోహము. ఒక యువకుని జీవితమార్గము సరియైనదా కాదా అని తూచుటకు ఈ రెండు మాటలు చాలును. పనిలో సత్యమున్నదా? ఫలము తన గడప దాటుచున్నదా? సంపాదన ఎంతయను ప్రశ్న కూడ న్యాయమైనదే, కాని అది ఈ రెంటి తరువాత అడుగవలసినది.

పదవ తరగతి ముగించిన బిడ్డను "నీవు ఏమగుదువు?" అని ప్రతి ఇంటిలోను అడుగుదురు. బిడ్డ వైద్యుడననో, ఇంజనీరుననో, ఎవరో నేర్పిన పేరు చెప్పును. "నీ కంటికి ఎవరి అక్కర కనబడినది?" అని అడిగి చూడవలెను. ఆ ప్రశ్నకు వెంటనే బదులు రాదు. రాకున్నను ఫరవాలేదు, బిడ్డ చుట్టును చూచుట ఆరంభించును. పర్లాకిమిడి పంతులుకు సంకల్పము అట్లు చూచుటలోనే కలిగినది.

అడిగిన పెద్దలకు ఒక బాధ్యత మిగిలియుండును. బిడ్డ యోగ్యమైన పనినే ఎంచుకొని, దాని ఫలము ఆలస్యమైనప్పుడు, "నీ తోడివారు ఇండ్లు కట్టుకొనిరి" అని దెప్పరాదు. కలిగిన కుటుంబము ఆ ఎదురుచూపు కాలమున తన బిడ్డను పోషింపవలెను. లేని ఇంటి బిడ్డకు మఠములు, సంఘములు వసతిని, భోజనమును, ఫీజును సమకూర్పవలెను. మొక్క నాటుమని చెప్పినవారు మొదటి పంట వచ్చువరకు నీరు పోయుట ధర్మము.