ఆటగాడు – యజమాని – అభిమాని

ఒక ఆటను ప్రేమించే మనిషి, ఆ ఆట ఆడి బతికే మనుషుల పట్ల యే ధర్మానికి కట్టుబడి వుండాలి? ఈ పత్రిక చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఇది చిల్లర ప్రశ్నగా కనిపించవచ్చు. ఇన్ని సమస్యలుండగా క్రికెట్టు గొడవ మనకెందుకని అడగవచ్చు. కాని మన యువకులు రోజూ తీరుబడిగా, ఇష్టంగా ఆలోచించే విషయాల్లో క్రికెట్టు ముందుంటుంది. ఇష్టంగా చేసే ఆలోచనలోనే మనిషి విలువలు యెక్కువగా తయారవుతాయి. తరగతిలో మనం చెప్పే శ్రమ సిద్ధాంతం పరీక్షదాకా వుంటుంది. టీకొట్టు దగ్గర అలవడిన దృష్టి జీవితమంతా వుంటుంది.

తిరుపతిలో విశ్వవిద్యాలయం చుట్టుపక్కలా, చిత్తూరు పోయే బస్సుల్లోనూ ఐపీఎల్ వేలం రోజుల్లో జరిగే సంభాషణ నేను చాలా యేళ్లుగా వింటున్నాను. "ఆ పిల్లోణ్ణి ఇడిచేసి ఇంకో బౌలర్ని కొనుంటే బాగుండేది." "ఆరు కోట్లకి వాడు దండగబ్బా." మాట్లాడేవాళ్లలో ఒకడికి హాస్టలు మెస్సు బాకీ వుంటుంది. మరొకడి తండ్రి ఇంకొకరి మామిడితోట కౌలుకు చేస్తూ వుంటాడు. జేబులో బస్సు చార్జీకి మించి లేని కుర్రవాడు నూట ఇరవై కోట్ల పర్సు గురించి దాని యజమానికన్నా యెక్కువ బెంగపడతాడు. చూసి నవ్వడం తేలిక. కాని నవ్వితే మనకు తెలిసేది యేమీ లేదు.

మొదట ఒక విషయం ఒప్పుకోవాలి. జట్టు కూర్చడంలో వున్న ఆనందం నిజమైన ఆనందం. యెవరు ముందు ఆడాలి, యే పిచ్ మీద యే స్పిన్నరు పనికొస్తాడు, పెద్దవాడి అనుభవం కావాలా, చిన్నవాడి చురుకుదనం కావాలా — ఇది మనుషుల శక్తులను అర్థం చేసుకుని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే ఆలోచన. చిత్తూరు రామవిలాస సభవారు నాటకం వేసే రోజుల్లో యే పాత్రకు యెవరు తగుతారని ప్రేక్షకులు కూడా వాదించుకునే వుంటారు. ఆ వాదనలో నటుడు యెవరి సొత్తూ కాడు. 2008కి ముందు మన క్రికెట్టు వాదన కూడా చాలావరకు ఇలాగే వుండేది. "యెవరు ఆడాలి?" అని అడిగేవాళ్లం. 2008లో ఐపీఎల్ వచ్చి, ఆటగాళ్లను బహిరంగంగా వేలం వేశాక, ఆ ప్రశ్న పక్కన ఇంకొకటి చేరింది: "యెవరు గిట్టుబాటు?" మొదటి ప్రశ్న అడిగినవాడు సెలెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. రెండో ప్రశ్న అడిగినవాడు, తనకు తెలియకుండానే, యజమాని కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆక్షేపించేది ఈ కుర్చీ మార్పును.

వేలమంటే యేమిటో మా ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టు చూసినవాడికి దాని మర్మమంతా తెలుసు. రైతు తెచ్చిన సరుకు మండీలో పెడతాడు. కొనేవాళ్లు పాట పాడతారు. కొనేవాళ్లలో నిజమైన పోటీ వుంటే రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. వాళ్లు ముందే కూడబలుక్కుంటే రైతు మునుగుతాడు. అప్పుడు "వ్యాపారులంతా రింగయినారు" అని తిట్టుకుంటాడు. ఐపీఎల్‌లో పది యాజమాన్యాలున్నాయి. వేలానికి ముందే, ఒక్కొక్కరు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని హద్దు నిర్ణయమై వుంటుంది. 2025 సీజనుకు ఆ హద్దు జట్టుకు 120 కోట్ల రూపాయలు. మదనపల్లెలో ఇదే పని జరిగితే రింగు అంటాం. క్రికెట్టులో జరిగితే "జట్ల మధ్య సమతుల్యం" అంటాం.

ఇంకో తేడా కూడా వుంది. టమోటాకు యే లారీ యెక్కాలో ఇష్టాయిష్టాలుండవు. మనిషికి వుంటాయి. వేలంలో పేరిచ్చిన ఆటగాడు తన కనీస ధర చెప్పుకోగలడు గాని, యే వూరికి, యే యజమానికి పని చేస్తాడో చెప్పలేడు. పాట ముగిశాక వెనక్కి తగ్గితే శిక్ష. ఇంగ్లండు ఆటగాడు హ్యారీ బ్రూక్‌ను ఢిల్లీ యాజమాన్యం 6.25 కోట్లకు కొన్నది. 2025 మార్చిలో అతను ఆడలేనని తప్పుకుంటే రెండేళ్లపాటు ఐపీఎల్ నుంచి నిషేధించారు. కార్మికుడు తన శ్రమశక్తిని నియమిత కాలానికి మాత్రమే అమ్ముతాడనీ, తనను తాను అమ్ముకోడనీ, ఈ తేడాయే కార్మికుణ్ణి బానిసనుంచి వేరు చేస్తుందనీ మార్క్స్ చెప్పాడు. మన ఆటగాడు బానిస అని నేననను. ఆ మాట బానిసత్వాన్ని నిజంగా అనుభవించినవాళ్లకు అవమానం. కాని కొనేవాణ్ణి యెంచుకునే స్వేచ్ఛ అతనికి ఆ మేరకు లేదనడంలో సందేహం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం సహజం. "కోట్లు తీసుకునేవాళ్లు కార్మికులేమిటి? వాళ్ల తరపున మనం కన్నీళ్లు కార్చాలా?" ఇది గట్టి ఆక్షేపణే. దాటవేయకూడదు.

మొదట లెక్క చూద్దాం. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల ప్రసార హక్కులను బోర్డు 2022 జూన్‌లో 48,390 కోట్లకు అమ్మింది. అంటే సగటున సీజనుకు 9,678 కోట్లు. 2025లో పది జట్ల పర్సులూ కలిపితే 1,200 కోట్లు. ప్రసార హక్కుల రాబడిలో ఇది నూటికి పన్నెండున్నర కూడా కాదు. ఆ యేడాది నుంచి ఆటగాళ్లకు ఇస్తున్న 7.5 లక్షల మ్యాచ్ ఫీజు కలిపినా పద్నాలుగు దాటదు. టిక్కెట్ల డబ్బు, స్పాన్సర్ల డబ్బు నేనిందులో కలపలేదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగు మొత్తం ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకు పోతుంది. అక్కడా పర్సుకు హద్దు వుంది. కాని ఆ హద్దు ఆటగాళ్ల యూనియన్ బల్లకు అటువైపు కూర్చుని, బేరమాడి, సంతకం పెట్టిన హద్దు. మన హద్దు గురించి మన ఆటగాణ్ణి అడిగినవాడు లేడు. నా అభ్యంతరం హద్దు వుండటం మీద కాదు. దాన్ని గీసేచోట ఆటగాడికి గొంతు లేకపోవడం మీద.

రెండోది, కోట్లు తీసుకునేవాడు ఆ వృత్తి మొత్తానికి ప్రతినిధి కాడు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లకు పోయాడు. అదే వేలంలో చిన్న ఆటగాడి కనీస ధర 30 లక్షలు. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాదు యాజమాన్యం మొదట 20 లక్షలకు తీసుకుంది. ఆ తర్వాత 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ మెట్టు యెక్కినవాళ్లను మనం చూస్తాం. యెక్కనివాళ్లు మన కంటికి కనపడరు. రంజీ ఆడే కొత్త ఆటగాడికి 2021లో పెంచిన తర్వాత రోజుకు 40,000 రూపాయలు. మంచి కూలే గాని, అది ఆడిన రోజుల కూలి. 1934–35లో మొదలయిన రంజీ పోటీలు 2020–21లో మొట్టమొదటిసారి ఆగిపోయాయి. ఆ సీజనులో చాలామంది ఆటగాళ్లకు అది వట్టిపోయిన యేడు. నష్టపరిహారం ప్రకటన 2021 సెప్టెంబరులో గాని రాలేదు. ఆడవాళ్ల సంగతి మరీ వేరు. మహిళల లీగులో జట్టు పర్సు 15 కోట్లు. మగవాళ్ల పర్సులో యెనిమిదో వంతు. మా సీమలో, కడప జిల్లాలో పుట్టి, 2025లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడిన శ్రీచరణి ఆ యేడాది సీజనుకు 55 లక్షలకు వెళ్లింది.

మూడో సమాధానం అన్నిటికన్నా ముఖ్యం. హక్కు పేదరికాన్ని బట్టి వచ్చేది కాదు. అమెరికా బేస్‌బాల్ చరిత్ర ఈ విషయాన్ని బాగా చూపిస్తుంది. అక్కడ ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత యజమానికే కట్టుబడి వుండాలనే నియమం దశాబ్దాల తరబడి నడిచింది. 1966లో ఆటగాళ్ల సంఘం నాయకుడుగా ఉక్కు కార్మికుల యూనియన్ నుంచి మార్విన్ మిల్లర్ వచ్చాడు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు నల్లజాతి ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు మార్చేసింది. నన్ను సరుకులాగా కొని అమ్మడానికి వీల్లేదని అతను ఎదురు తిరిగాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి సుమారు 90,000 డాలర్లు. ఆ రోజుల్లో అది పెద్ద జీతం. జీతం పెద్దదైనా తను సొత్తు కాననే అతని వాదన. 1972లో సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురుగా చీలి అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతని ఆట అప్పటికే ముగిసిపోయింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పు ఆ పాత కట్టును తెంచింది. లాభం పొందినవాళ్లు ఫ్లడ్ తర్వాతి తరం. డబ్బున్నవాడు కదా అని అతణ్ణి వదిలేసి వుంటే, డబ్బులేని వందలమంది ఆటగాళ్ల సంగతి కూడా వదిలేసినట్టే.

మనకు మాత్రం ఇటువంటి చరిత్ర లేదా? వుంది. మనం దాన్ని అలా చదవలేదు. 1989లో అమెరికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడినందుకు బోర్డు ఆరుగురు ఆటగాళ్లను యేడాది నిషేధించింది. అందులో కపిల్ దేవ్ వున్నాడు, మన హైదరాబాదు అజారుద్దీన్ వున్నాడు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లాక గాని నిషేధం తొలగలేదు. 2007లో ఎస్సెల్ సంస్థ ఇండియన్ క్రికెట్ లీగు పెట్టినప్పుడు, ఇరవై రెండేళ్లు నిండని అంబటి రాయుడు మరికొందరు హైదరాబాదు ఆటగాళ్లతో కలిసి అందులో చేరాడు. బోర్డు వాళ్లకు తలుపులు మూసేసింది. పత్రికలు దాన్ని "తిరుగుబాటు లీగు" అన్నాయి. ఉద్యోగం మారడం తిరుగుబాటు యెలా అయిందో యెవరూ అడగలేదు. మరుసటి యేడాదే బోర్డు అదే తీరు లీగు తాను పెట్టుకుంది. 2009లో బోర్డు ఆ ఆటగాళ్లకు "క్షమాభిక్ష" ప్రకటించింది. నేరం లేనిచోట క్షమ యెందుకో? తన లీగుకు పోటీ రాకుండా బోర్డు తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని 2013లో కాంపిటీషన్ కమిషన్ 52.24 కోట్లు జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేస్తే, 2017లో కమిషన్ మళ్లీ అంతే వేసింది. రాయుడి ఆటలో పోయిన ఆ రెండేళ్లను మాత్రం యే కమిషనూ తిరిగి ఇవ్వలేదు.

డక్కన్ ఛార్జర్స్ కథ ఇంకా విప్పి చెబుతుంది. 2009లో కప్పు గెలిచిన ఆ జట్టును 2012 సెప్టెంబరులో బోర్డు రద్దు చేసింది. ఆటగాళ్ల వేతనాలు బాకీ పడ్డాయని క్రికెటర్ల అంతర్జాతీయ సమాఖ్య గొంతెత్తింది. అదే యేడాది హైదరాబాదు జట్టు హక్కు సన్ టీవీకి యేడాదికి 85.05 కోట్ల చొప్పున పోయింది. చేను అమ్మితే కపిల ఎద్దులు కూడా చేతులు మారినట్టు, చాలామంది ఆటగాళ్లు కొత్త యజమాని కిందికి వచ్చారు. పాత యజమానికీ బోర్డుకూ నడిచిన తగాదాలో మధ్యవర్తి 2020లో 4,800 కోట్లకు పైగా ఇమ్మన్నాడు; 2021లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వేలకోట్ల తగాదాను పత్రికలన్నీ రాశాయి. జీతం కోసం యెదురు చూసిన ఆటగాడి తగాదా అందులో ఒక వాక్యమయింది.

అభిమానికి స్వభావసిద్ధంగా న్యాయబుద్ధి లేదని నేననను. 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో హైదరాబాదు యాజమాన్యం నాయకత్వం నుంచి దించి, తర్వాత జట్టులోంచే తప్పిస్తే, తెలుగు కుర్రవాళ్లు యెంత బాధపడ్డారో నాకు తెలుసు. యెక్కడో ఆస్ట్రేలియా మనిషికి జరిగిన అవమానం తమకు జరిగినట్టు అనుకున్నారు. అంటే పర్సు లెక్కల కింద మనిషిని చూసే కన్ను ఇంకా బతికే వుంది. కాకపోతే అది పేరున్నవాడికే తెరుచుకుంటుంది. మన పని దాన్ని పేరులేనివాడి వైపు కూడా తిప్పడం.

ఎందుకంటే యజమాని కుర్చీ అలవాటు ఆటతో ఆగదు. మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ కన్సల్టెంట్లనీ, గెస్టు లెక్చరర్లనీ యేళ్ల తరబడి పాఠాలు చెప్పేవాళ్లున్నారు. యేటేటా వాళ్ల పేరు జాబితాలో వుంటుందా లేదా అని కాచుకుంటారు. పర్మనెంటు ఉద్యోగం వున్న మనం స్టాఫ్ రూములో కూర్చుని, "ఈయన్ని వుంచుదాం, ఆమెను తీసేద్దాం, బడ్జెట్టు చాలదు" అని యెంత నిర్వికారంగా మాట్లాడతామో గమనించండి. ఆ గొంతు, ఆ పదజాలం వేలం రోజుల టీకొట్టు గొంతే. ముప్పై లక్షల ఆటగాడికీ గెస్టు లెక్చరరుకూ జీతంలో పోలిక లేదు. కాని ఇద్దరి బతుకూ ఇంకొకరి "వదిలేద్దాం" అనే మాట మీద ఆధారపడి వుంది. ఆ మాట అనేచోట ఇద్దరికీ స్థానం లేదు.

లోధా కమిటీ సిఫారసుల ఫలితంగా 2019లో భారత క్రికెటర్ల సంఘం యేర్పడింది. అది రిటైరయిన ఆటగాళ్ల సంఘం. ఈనాడు ఆడుతున్నవాడికి అందులో చోటు లేదు. ప్రపంచంలోకెల్లా ధనికమైన క్రికెట్టు బోర్డు కింద ఆడే మనుషులకు యూనియన్ లేదు. క్రికెట్టు అభిమాని, అందులోనూ వామపక్ష విద్యార్థి, మొట్టమొదట అడగవలసింది అది.

అడగడంతో సరిపోదు. యూనియన్ వస్తే ఏదో ఒకనాడు సమ్మె వస్తుంది. 1994 ఆగస్టులో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లు, యజమానులు తమంతట తాము పెట్టదలచిన జీతాల హద్దుకు వ్యతిరేకంగా సమ్మె చేస్తే, 232 రోజులు నడిచింది. 1904 తర్వాత తొలిసారి ఆ యేడాది ప్రపంచ సిరీస్ జరగలేదు. అభిమానులు చాలామంది యజమానులతోపాటు ఆటగాళ్లను కూడా తిట్టారు. రేపు మనకు అటువంటి వేసవి వస్తుంది. తిరుపతి యెండల్లో, సాయంత్రం యేడున్నరకు టీవీ పెడితే ఆట వుండదు. ఆనాడు మనం "మా వినోదం చెడగొట్టారు" అంటామా, "వాళ్ల మాట తేలేదాకా ఆగుతాం" అంటామా? అభిమాని చెల్లించవలసిన ధర ఒక్క సీజను. ఆ పాటి చెల్లించలేని ప్రేమ ఆటగాడి మీద ప్రేమ కాదు, సరుకు మీద మోజు.