లక్షమంది కలిసి పాడితే ప్రార్థన అవుతుందా?



మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకో కూతురో ఉంటే ఈ సమస్య మీ గడప దాటి లోపలికి వచ్చే ఉంటుంది. "అమ్మా, పాటల కచేరీకి ముంబయి వెళ్తున్నాం. ఆదివారం పూజకు అక్కడే ఏదో ఒక గుడికి వెళ్తాలే" అని ఫోను వస్తుంది. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే అనే లండన్ రాక్ బృందం నవీ ముంబయిలో మూడు రోజులు, అహ్మదాబాదులో రెండు రోజులు పాడింది. ఆ మరుసటి వారమే, ఫిబ్రవరి 2వ తేదీన, ఎడ్ షీరన్ అనే ఇంగ్లండు గాయకుడు మన రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చాడు. ఆ రోజు ఆదివారం. ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగ కూడా. ఉదయం గుళ్ళలో కొవ్వొత్తులు మంత్రించి ఊరేగింపు చేశాం. సాయంత్రం మన పిల్లలు కొందరు అదే చేత్తో ఫోను దీపాలు పైకెత్తి ఊపారు.

ఇది పాపమా అని అడిగేవారికి సూటిగానే చెప్పవచ్చు: కాదు. మంచి పాట వినడం, నలుగురితో కలిసి గొంతెత్తి పాడడం పాపమని తిరుసభ ఎన్నడూ బోధించలేదు. కాని ఆ జవాబుతో తల్లి మనసు కుదుటపడదు. ఎందుకంటే ఆమె అసలు బాధ వేరు. "మా వాడు అక్కడ గంటలకొద్దీ నిలబడి, పాటకు కన్నీళ్ళు పెట్టుకున్నాడట. మరి గుడిలో గంటసేపు కూర్చోవడానికి ఎందుకంత కష్టం?" ఈ ప్రశ్నను తేలికగా తీసేయకూడదు. పిల్లవాణ్ణి తిట్టినా, గురువులను తప్పుపట్టినా దీనికి సమాధానం దొరకదు.

ముందుగా ఆ పాటల సంగతి కొంత తెలుసుకుందాం. వినకుండా తీర్పు చెప్పడం మనకు అలవాటే కదా! కోల్డ్‌ప్లే బృందం 2019లో 'ఎవ్రీడే లైఫ్' అనే రెండు భాగాల ఆల్బమ్ విడుదల చేసింది. మొదటి భాగం పేరు సూర్యోదయం, రెండవదాని పేరు సూర్యాస్తమయం. సువార్త గీతాల బాణీలో ఒక పాట, గాయకబృందం మాత్రమే పాడినట్లుండే ఒక పాట, పోలీసుల దౌర్జన్యం మీద ఒక పాట, అరబ్బు, ఆఫ్రికా ధ్వనులు, చిట్టచివరి పాటలో అల్లెలూయా! అప్పటిదాకా స్టేడియంలను ఊపేసే పాటలతో పేరుపడిన బృందానికి ఇది సాహసమే. విడుదల రోజున జోర్డాన్ దేశపు అమ్మాను నగరంలోని పాత కోట మీద, తెల్లవారేటప్పుడు ఒక భాగం, పొద్దుగూకేటప్పుడు రెండవ భాగం పాడారు. ఆ తేదీ నవంబర్ 22. సంగీతకారుల పాలక పునీతురాలు సిసిలియమ్మ పండుగ రోజు. వాళ్ళు చూసి పెట్టుకున్న తేదీ కాకపోవచ్చు. మనకు మాత్రం గుర్తుండిపోతుంది.

నాకు పాటలకంటే ముఖ్యంగా తోచిన సంగతి మరొకటి ఉంది. ఆ ఆల్బమ్ కోసం ప్రపంచయాత్ర చేయబోమని వారు ప్రకటించారు. విమానాలు, లారీలు, దీపాలు, వేలాది ప్రేక్షకుల ప్రయాణాలు కలిసి భూమికి చేసే హాని ఎంత? దాన్ని తగ్గించే మార్గం దొరికేదాకా ఆగుతామన్నారు. కచేరీలే ఆదాయమైన వృత్తిలో ఈ మాట అనడం చిన్న విషయం కాదు. లండనులో ఒక్క కచేరీ చేసి, వచ్చిన డబ్బు పర్యావరణ న్యాయపోరాటాలు చేసే సంస్థకు ఇచ్చారు. తరువాత కరోనా వచ్చి అందరి కచేరీలూ ఆపేసింది, అది వేరే సంగతి. 2022లో మళ్ళీ బయలుదేరినప్పుడు ప్రేక్షకులు గెంతితే కరెంటు పుట్టే నేల, తొక్కితే బ్యాటరీ నిండే సైకిళ్ళు తెచ్చారు. గతయాత్రతో పోలిస్తే ఒక్కొక్క ప్రదర్శనకు కర్బన ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించారు. అది ప్రదర్శన, సరుకు రవాణా, బృందం, సిబ్బంది ప్రయాణాల లెక్క. హైదరాబాదు నుండి విమానమెక్కిన మనవాళ్ళ లెక్క అందులో లేదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నాను? "నా ఆనందానికి ఎవరు వెల కడుతున్నారు?" అని ఒక రాక్ బృందం తనను తాను అడిగింది. ఆత్మశోధన అని మనం నేర్పేది ఇదే. మన పెళ్ళి ఊరేగింపుల్లో అర్ధరాత్రి దాకా డీజే పెట్టించి, పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లను, మంచంపట్టిన ముసలాయనను మరిచిపోయే మనం ఈ ప్రశ్న ఎప్పుడైనా వేసుకున్నామా? ఆ డీజే పాటల్లో మద్యాన్ని పొగిడే పాటలెన్ని? 2024 నవంబర్‌లో దిల్జీత్ దోసాంజ్ కచేరీకి ముందు తెలంగాణ అధికారులు మద్యం, మాదకద్రవ్యాలు, హింసను ప్రోత్సహించే పాటలు వద్దని నోటీసు ఇస్తే, ఆయన కొన్ని పాటల్లో మాటలు మార్చి పాడాడు. ప్రభుత్వం మాట మార్పించగలదు. ఇంట్లో ఏ పాటకు చిన్నపిల్లల చేత డాన్సు చేయించి వీడియో తీస్తున్నామో అది తల్లిదండ్రుల చేతిలో ఉంది.

ఇక స్టేడియంలో కలిగే ఆ పరవశం మాటకు వద్దాం. ఇద్దరు మహనీయుల మధ్యనే ఇక్కడ అభిప్రాయభేదం ఉంది. 1997 సెప్టెంబర్ 27న ఇటలీలోని బొలోన్యా నగరంలో జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ సందర్భంగా, లక్షలాది యువతీయువకుల ఎదుట, బాబ్ డిలన్ పాడాడు. పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు వేదిక మీద కూర్చుని విన్నారు. గాయకుడు టోపీ తీసి వచ్చి ఆయన చేయి అందుకున్నాడు. డిలన్ పాటల్లో పేరుపొందిన ఒకదానిలోని ప్రశ్ననే తీసుకుని పోపుగారు ఆ యువతకు క్రీస్తును గురించి బోధించారు. అప్పటి కార్డినల్ రాట్జింగర్‌గారికి, అంటే తరువాతి 16వ బెనెడిక్టు పోపుగారికి, ఇది నచ్చలేదు. అలాంటి గాయకులను పిలవడం సరైనదేనా అని తాను సందేహించినట్టు తరువాత రాసుకున్నారు. 2000లో వచ్చిన 'ది స్పిరిట్ ఆఫ్ ది లిటర్జీ' గ్రంథంలో ఇంకా గట్టిగా విమర్శించారు. పెద్ద రాక్ ఉత్సవాలలో మనిషి గుంపులో కరిగిపోయి, చప్పుడు, లయ, వెలుగుల దెబ్బకు తననుండి తాను విడుదలైనట్టు భావిస్తాడనీ, అది క్రైస్తవ ఆరాధనకు ఎదురుగా నిలిచే మరొక ఆరాధన వంటిదనీ ఆయన వాదన.

ఆయన మొజార్టును ప్రాణంగా ప్రేమించి పియానో వాయించిన మనిషి కనుక అలా అన్నారని కొట్టిపారేయకండి. ఆయన వేలు పెట్టిన చోట నిజం ఉంది. గుంపు మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. "హోసన్నా" అన్న పట్టణంలోనే ఆ వారంలోనే "సిలువ వేయుడు" అన్న కేకలూ వినిపించాయి. కాని ఆయన వాదన మొత్తాన్ని నేను అంగీకరించలేను. మందసము ఎదుట దావీదు ఒళ్ళు మరచి నాట్యమాడినప్పుడు కిటికీలోంచి చూసి ఈసడించుకున్నది మీకాలు. పిల్లల వీడియోలు చూసి పెదవి విరిచే మనం కొన్నిసార్లు ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉంటాం.

పైగా తిరుసభ తీర్పులు కూడా కాలంతో మారాయి. 1903లో పునీత పదవ పయస్ పోపుగారు గుడిలో పియానోను, డప్పులు, తాళాల వంటి చప్పుడు వాయిద్యాలను నిషేధించారు. 1963లో వాటికన్ మహాసభ ఆర్గనుకు గౌరవస్థానం ఉంచుతూనే, ఆరాధనకు తగినవైతే, అధికారుల అనుమతితో ఇతర వాయిద్యాలకూ తలుపు తీసింది. అందువల్లనే ఈ రోజు మన విచారణల్లో డోలక్, తబలా, తాళాలు మోగుతున్నాయి. అవి లేని తెలుగు పూజను ఊహించుకోండి!

అయితే తేడా ఎక్కడుంది? దీనికి పునీత అగుస్తీనువారిని అడగాలి. మిలాను నగరంలో జ్ఞానస్నానం పొందిన రోజుల్లో దేవాలయ గీతాలు విని ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఏళ్ళ తరువాత, పీఠాధిపతి అయ్యాక, 'కన్ఫెషన్స్' పదవ భాగంలో ఆ కన్నీళ్ళనే పరీక్షకు పెట్టారు. పాట చెప్పే సంగతికంటే పాటే తనను ఎక్కువగా కదిలించిన వేళలను ఆయన తప్పుగా ఎంచుకున్నారు. అయినా గుడిలో పాట వద్దనలేదు. బలహీనుల మనసు పాట వల్ల పైకి లేస్తుందని ఒప్పుకున్నారు.

ఇది చాలా నిజాయితీగల కొలబద్ద. స్టేడియంలో లక్షమంది ఒకరికోసం ఒకరు పాడతారు. ఆ పాటకు ఎదుట వినేవాడు లేడు, పాడేవారే ఉన్నారు. దివ్యబలిపూజలో మనం పాడేది వింటున్నవానికి. అందుకే స్టేడియంలో కలిగినది నిజమైన ఆనందమే అయినా, ప్రార్థన కాదు. ఇంకో సంగతి: అక్కడ రేపు అనేది లేదు. పాట ముగిశాక పక్కన నిలబడి మీ భుజం మీద చేయి వేసినవాడి పేరు అడగనక్కరలేదు. పూజ చివర "వెళ్ళండి" అంటారు. వెళ్ళి చేయవలసిన పని ఉంది.

చెప్పడానికి బాగానే ఉంది. ఇప్పుడు గోపన్‌పల్లికి రండి.

ఒకప్పుడు పొలాలు, బండరాళ్ళు, తండా ఉన్న చోట ఇప్పుడు విప్రో క్యాంపస్, ఆకాశమంత అపార్టుమెంట్లు, వాటి సందుల్లో హాస్టళ్ళు. గుంటూరు, ఖమ్మం, కర్నూలు, నల్లగొండ నుండి వచ్చిన మన పిల్లలు ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుని ఉంటారు. రాత్రి షిఫ్టులు. ఊళ్ళో వాళ్ళు ఫలానా ఉపదేశిగారి మనవడు, గాయకబృందంలో పాడే ఫలానా అమ్మాయి. ఇక్కడ ఒక ఐడీ కార్డు. ఆదివారం సాయంత్రం పూజకు వచ్చి వెనక వరుసలో కూర్చుని, దీవెన కాగానే బైకు తీస్తారు. ఆరునెలలు వచ్చినా పేరు అడిగినవారు ఉండకపోవచ్చు. మన విచారణల్లో భక్తసంఘాలు, యువజనసంఘాలు ఎన్ని ఉన్నా, అవి అప్పటికే ఒకరికొకరు తెలిసినవారి సంఘాలు.

అలాంటి పిల్లవాడు 2,500 మొదలుకొని 35,000 రూపాయల దాకా పలికిన టికెట్టు కొనుక్కుని, లక్షమందిలో నిలబడ్డాడు. చేతికి కట్టిన పట్టీ వెలిగింది. పక్కవాడి పట్టీ, ఎదుటివాడి పట్టీ, మొత్తం స్టేడియం అదే రంగులో వెలిగాయి. ఒక పాటకు ఫోన్లు లోపల పెట్టేయమని గాయకుడు అడిగితే చాలామంది పెట్టేశారు! (ప్రథమ దివ్యసత్ప్రసాదం రోజున మన గురువులు ఇదే మాట ఎన్నిసార్లు అడిగారో, ఎందరు విన్నారో మీకు తెలుసు.) నేనూ ఇందులో ఒకణ్ణి అని అతనికి ఆ రాత్రి తోచింది. ఆ కన్నీళ్ళు దానికోసం. ఆ తల్లి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. గుడిలో గిటారు లేక కాదు, డ్రమ్స్ లేక కాదు. అక్కడ అతనికి దొరికినది మన దగ్గర దొరకలేదు.

కనుక గుడిలో వేదిక పెట్టి, లైట్లు వేసి, గాయకబృందం చేత కచేరీ చేయిస్తే యువత వస్తుందనుకునేవారితో నేను ఏకీభవించను. స్టేడియంతో పోటీపడితే మనం ఓడిపోతాం. ఓడిపోవలసినదే కూడా. గుణదల మాత తిరునాళ్ళను చూడండి. ప్రతి ఫిబ్రవరిలో 9, 10, 11 తేదీల్లో లక్షలమంది వస్తారు. మైకులు గోల చేస్తాయి, దుకాణాలు అరుస్తాయి, ఏ పాటకూ శ్రుతి కుదరదు. అయినా చంటిబిడ్డను ఎత్తుకుని చెప్పులు లేకుండా కొండెక్కే అమ్మకు, ముందు నడిచే ముసలమ్మ చేయి అందిస్తుంది. "ఏ ఊరమ్మా?" అని అడుగుతుంది. టికెట్టు అడగదు.

డబ్బు మాట ఒకటి మిగిలింది. 2024 సెప్టెంబర్‌లో ముంబయి టికెట్లు అమ్మకానికి పెట్టగానే అయిపోయాయి. తరువాత బయట లక్షల్లో ధర చెప్పారని పత్రికలు రాశాయి. మీ పిల్లలు అలా కొని ఉంటే అది మాట్లాడవలసిన విషయమే. దొంగబజారుకు డబ్బు పోసినవారు మరో పేదపిల్లవాడి టికెట్టు గుంజుకున్నట్టే. ధర్మంగా, తమ సంపాదనతో కొనుక్కుంటే, ఎంతయిందని గుచ్చిగుచ్చి అడగకండి. ఎవరితో వెళ్ళావు, ఏ పాటకు ఏడుపొచ్చింది అని అడగండి. ఒంటరిగా వెళ్ళానంటే, ఈ ఆదివారం మీరు బస్సెక్కి గోపన్‌పల్లి రండి. వాడితో కలిసి అదే వెనక వరుసలో కూర్చోండి. పూజ అయ్యాక పక్కవాళ్ళను పేరు అడిగేది మీరే అవ్వండి. మీ వాడికి సిగ్గు.