ఇల్లు ఎక్కడితో ఆగుతుంది?

పచ్చదనం ఇంట్లోకి రావాలని, లోపలికీ బయటికీ మధ్య అడ్డు తగ్గాలని నగరాల్లో ఇళ్లకు ప్లాన్లు గీసేవాళ్లు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. ఇటలీలోని మిలాన్‌లో 2014లో పూర్తయిన రెండు మేడల బాల్కనీల్లో దాదాపు 800 చెట్లు పెంచుతున్నారు. సింగపూర్ విమానాశ్రయంలో 2019లో తెరిచిన జ్యువెల్ భవనంలో అద్దాల కప్పు కింద తోటను, 40 మీటర్ల జలపాతాన్ని అమర్చారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పుట్టిన మనం వీటిని చూసి ఒక ప్రశ్న వేసుకోవాలి. వాళ్లు అంత ఖర్చుతో తెచ్చుకుంటున్నదాన్ని మనం ఎందుకు పోగొట్టుకుంటున్నాం?

పాత సవర గూడల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండేవి. లోపలి గది చిన్నది, చీకటిది. బతుకంతా ముందున్న అరుగు మీదే. చింతపండు గింజ తీసినా, కొండచీపుర్లు కట్టినా, చుట్టాన్ని కూర్చోబెట్టినా అక్కడే. కప్పు బాగా కిందికి దిగి ఎండనూ వాననూ ఆపేది. పెరట్లోని ఆనప, చిక్కుడు పాదులు కప్పు మీదికి పాకేవి. పెరడు దాటితే పనస, చింత, అవి దాటితే పోడు, ఆపైన కొండ. మైదానంలో మండువా లోగిలి ఆకాశాన్ని ఇంటి నడుమకు తెచ్చుకుంది. మన ఇల్లు తానే బయటికి నడిచింది.

అలాగని గడ్డి ఇంటిని పొగుడుతూ కూర్చోలేం. అది కురుస్తుంది, కాలుతుంది. అలికే పని ఎప్పుడూ ఆడవాళ్ల నడుం మీదే పడుతుంది. పక్కా ఇల్లు మనకు కావాలి, అది మన హక్కు. మన పేచీ కొలతతోనే. గ్రామీణ ఆవాస్ పథకంలో ఇంటికి కనీస వైశాల్యం వంట చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు. ఆ కొలత గదిని లెక్కేస్తుంది, చింతచెట్టు నీడను లెక్కేయదు. లెక్కలో లేనిదాన్ని స్థలం చదును చేసే రోజున నరికేస్తారు.

కుండీలో మొక్క పెడితే ఆ లోటు తీరుతుందా? కుండీ మొక్క ఇంటివాళ్లది. హోటల్లోని తోటకు కాపలా ఉంటుంది. అరుగు మీద కూర్చోడానికి మాత్రం దారిన పోయే ముసలమ్మ ఎవరినీ అడగక్కర్లేదు. చింత నీడలో ఊరి పిల్లలందరూ ఆడతారు. అందుకే ఇంటి చుట్టూ ఎంత పచ్చదనం ఉందన్నది సగం ప్రశ్నే. అందులో ఎవరికి చోటుంది అన్నది మిగతా సగం. అరుగు పోయిన ఇంట్లో మొదట తగ్గేది చెట్టు కాదు, మనిషి రాకపోకలు.

మరి ఉన్న కొద్ది స్థలంలో ఏం చేయగలమని యువకులు అడుగుతారు. స్లాబును తలుపు ముందుకు నాలుగడుగులు సాగదీయవచ్చు, దాని కింద అరుగు కట్టవచ్చు, వెనక పాదుకు పందిరి వేయవచ్చు. ఉన్న చెట్టును వదిలి పునాది గీయవచ్చు. షెడ్యూల్డ్ గ్రామాల్లో అభివృద్ధి పనుల ప్రణాళికలను గ్రామసభ ఆమోదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. కాలనీ పటం అక్కడికి వచ్చినప్పుడు చెట్లు ఎక్కడున్నాయో చూపమని అడగాలి. షెడ్యూలులో చేరని గూడల్లోనూ ఈ మాట అడగడానికి వెనకాడొద్దు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలతో ‘మా ఇల్లు’ బొమ్మ గీయించండి. నాలుగు గోడలు, ఒక తలుపు, రెండు కిటికీలతో ఆపేసిన పిల్లను తప్పు పట్టకండి. మీ అవ్వ మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటుందో అడగండి. ఆ చోటును కూడా గీయమనండి.